తాగే బియ్యం

“బియ్యాన్ని తాగుతారా? నమిలేకి పండ్లు లేవా వాళ్లకు?”

పొద్దున్నే ఫోన్లో మా అమ్మ వేసిన ప్రశ్న ఇది. ఆమెకు ఎనభై దాటాయి. ఆళ్లగడ్డలో మా అన్న దగ్గర ఉంటుంది. నేను నంద్యాలలో. రోజూ ఏడు గంటలకు ఫోను చేసి ఈ పూట ఏం వండుతున్నారని అడుగుతుంది. చెప్పాక, మనకు పొయ్యి ముట్టించడం కూడా రానట్టు, అది ఎట్ల వండాలో మొదట్నించి చెబుతుంది. ఆ రోజు మాత్రం ఆమెకు చెప్పడానికేమీ దొరకలేదు. అమెరికా నుంచి వచ్చిన మా చెల్లెలి కూతురు ఓర్చాటా చేస్తానంటోందని, అది మెక్సికో వాళ్లు ఎండకు తాగే పానీయమని, బియ్యమూ దాల్చినచెక్కా నానబెట్టి, రుబ్బి, గుడ్డలో వడగట్టి, చక్కెర కలుపుకొని తాగుతారని చెప్పాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఈ పండ్ల సంగతి.

“పేరేందన్నావు?”

“ఓర్చాటా.”

“ఓర్చాటనా? ఓర్చుకుంటే గానీ రాదేమోలే!”

నవ్వి పెట్టేసింది. ఎగతాళికి అన్న ఆ మాట ఎంత నిజమో మాకు మర్నాడు పొద్దునకే తెలిసింది.

మా మేనకోడలు ఉండేది డల్లాస్‌లో. టెక్సాస్ తెలుగువాళ్లకు ఇల్లు గుర్తొచ్చినప్పుడు మన హోటల్ దూరమైతే మెక్సికన్ హోటల్‌కు పోతారట. అన్నం, చిక్కుడు గింజలు, కొత్తిమీర, నిమ్మకాయ, మిరపకాయ ఒకే పళ్లెంలో కనిపిస్తే పరాయి వంటలా ఎందుకుంటుంది? అక్కడ పెద్ద పెద్ద గాజు జాడీలు వరసగా పెట్టి ఉంటాయని మా పిల్ల చెప్పింది. ఒకదాంట్లో చింతపండు నీళ్లు. ఒకదాంట్లో ఎర్రటి పూల నీళ్లు. ఒకదాంట్లో తెల్లటి ఓర్చాటా. ఆ ఎర్రటి పూలేమిటని ఆరా తీస్తే అవి మన ఎర్రగోంగూర చెట్టువే. మనం ఆకు దూసి పచ్చడి నూరుకుంటాం. వాళ్లు కాయను పట్టుకొని ఉండే ఎర్రటి రెక్కలను ఎండబెట్టి, నానబెట్టి, తీపి చేసుకొని తాగుతారు. ఒకే చెట్టును ఒకరు కారానికి పిలిచారు, ఒకరు చక్కెరకు పిలిచారు.

మే నెల నంద్యాల గురించి తెలియనివాళ్లకు చెప్పేదొకటే. పొద్దున పదకొండు తర్వాత బయటికి పోయినవాడు పని మీద పోయి ఉంటాడు గానీ ఇష్టంతో పోయి ఉండడు. నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలు మాకు వార్త కాదు. నల్లమల కొండలు దగ్గరే ఉన్నా వాటి చల్లదనం మా దాకా రాదు, రాతి సెగ మాత్రం వస్తుంది. ఆ ఎండలో వచ్చిన పిల్లకు మొదటిరోజు మజ్జిగ ఇచ్చాం, రెండోరోజు నన్నారి ఇచ్చాం, మూడోరోజు బార్లీ నీళ్లు ఇచ్చాం. బార్లీ నీళ్లు ఒక గుక్క తాగి, “మామా, దీనికి అక్కడొక చుట్టముంది, నేను చేసి చూపిస్తా” అంది.

ఆ పిల్ల ఊరికే అన్న మాట అక్షరాలా నిజమని తర్వాత చదివితే తెలిసింది. లాటిన్‌లో బార్లీని హోర్డియం అంటారు. బార్లీ నీళ్లకు ఆ మాట నుంచే పుట్టిన పేరు స్పానిష్‌లో ఓర్చాటా అయింది. రాసేటప్పుడు ముందు హకారం ఉంటుంది, పలికేటప్పుడు ఉండదు. స్పెయిన్‌లోని వలెన్సియా వైపు ఈ పేరుతో చేసే పానీయంలో బార్లీ కూడా లేదు, బియ్యమూ లేదు. చూఫా అని ఒక చిన్న గడ్డ ఉంటుంది, దాన్ని నానబెట్టి రుబ్బుతారు. ఆ చూఫా ఎవరో తెలుసా? మన తుంగకు సొంత దాయాది. కాలవ కింద వరి వేసే ఏ రైతును అడిగినా తుంగ పేరెత్తితే శాపనార్థాలు పెడతాడు. పైన ఎంత పీకినా అడుగున గడ్డ ఉండిపోతుంది, వారం తిరక్కుండా మళ్లీ తల ఎత్తుతుంది. ఆ జాతి గడ్డనే అక్కడ మళ్లు కట్టి, నీళ్లు పెట్టి, పంటగా పండిస్తారు. స్పెయిన్ వాళ్లు సముద్రం దాటి మెక్సికోకు పోయాక అక్కడ చూఫా అందలేదు. తమతోపాటు తెచ్చుకున్న బియ్యం మాత్రం ఉంది. గడ్డ స్థానంలో గింజ వచ్చింది, పేరు పాతదే మిగిలింది. బార్లీ పోయి తుంగ వచ్చె, తుంగ పోయి వరి వచ్చె. ఊరు మారినా ఇంటిపేరు మారని మనుషుల్లాగా ఉంది ఈ పానీయం సంగతి.

సరే, వంటింట్లోకి వస్తాను.

లెక్క చాలా చిన్నది. ఒక గ్లాసు బియ్యం, వేలెడంత దాల్చినచెక్క, నాలుగు గ్లాసుల నీళ్లు, అర గ్లాసు పైచిలుకు చక్కెర, రెండు చుక్కల వెనిలా. కొందరు బాదం వేస్తారు, కొందరు పాలు కలుపుతారు. బియ్యం కడిగి చెక్కతో కలిపి రాత్రంతా నానబెట్టాలని మా పిల్ల దగ్గరున్న కాగితంలో ఉంది. అట్లే గిన్నెలో పోసి, మూత పెట్టి, వంటింటి గట్టు మీద పెట్టి పడుకున్నాం. తెల్లారి మూత తీస్తే పైన సన్నటి నురగ. బుడగలు ఒక్కొక్కటే లేచి పగులుతున్నాయి. దాల్చిని వాసన అడుగున ఎక్కడో ఉంది, పైన మాత్రం ఘాటైన పులుపు.

రాత్రి పన్నెండుకు కూడా గోడలు వేడి కక్కే ఊళ్లో, చల్లటి ఇళ్లవాళ్లు రాసుకున్న లెక్క నడవదని మాకు తోచలేదు. మే నెలలో ఇక్కడ బియ్యం నానడానికి రాత్రంతా ఎందుకు, నాలుగైదు గంటలు చాలు. అంతకు మించి పెట్టాలంటే ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఏడు గంటల ఫోను వచ్చింది. పులిసిపోయిందని చెప్పాను. అమ్మ ఏమాత్రం సానుభూతి చూపలేదు. “పులిస్తే ఏమాయె? కలి అయింది. ఉప్పేసుకొని తాగండి. పారబోసేరు!” అంది.

కోస్తా వాళ్లు తరవాణి అని చెప్పుకొనేదానికి మా వైపు దగ్గరి చుట్టం ఆ కలి. గంజీ, కడుగూ కుండలో పోసి పెడితే పులిసేది. ఎండాకాలం దాంట్లో ఉప్పు వేసుకొని, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగి చేన్లకు పోయేవాళ్లు. డల్లాస్‌లో చెడిపోయిందని పారబోసేది ఆళ్లగడ్డలో వంటకం. కానీ మాకు అంత ధైర్యం లేకపోయింది. దాల్చిని వాసన వేసే కలిని ఎట్ల తాగాలో అమ్మకు కూడా తెలియదు గదా! పారబోశాం. ఆమెకు చెప్పలేదు.

ఇక్కడ అమ్మ బువ్వ కథ చెప్పాలి. లేకపోతే ఆమె మాటలు మీకు ముసలామె చాదస్తంలా కనిపిస్తాయి.

ఆమె పుట్టింది ఆళ్లగడ్డ పక్కన ఒక మెట్ట ఊళ్లో. కాలవ నీళ్లు ఎక్కని నల్లరేగడి నేల. జొన్న, కొర్ర, పత్తి. పొద్దున సద్ది, మధ్యాహ్నం సంగటి, రాత్రికి కొర్రబువ్వ. బియ్యం అన్నం ఉగాదికీ, సంక్రాంతికీ, ఇంటికి అల్లుడొచ్చినప్పుడూ. బువ్వ అంటే కొర్రబువ్వే గనక, దీన్ని వేరుచేసి ‘వరిబువ్వ’ అని చెప్పుకొనేవాళ్లు. ఈనాటి పిల్లలకు ఆ ముందుమాట ఎందుకో అర్థం కాదు. పండగనాడు వరిబువ్వ తిన్న చేతిని పిల్లలు సాయంత్రం దాకా కడిగేవాళ్లు కాదని అమ్మ చెబుతుంది. ఎవరైనా చూస్తే అడగాలి గదా, ఏం తిన్నావని.

నంద్యాల వైపు కథ వేరు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లను మళ్లించి, కర్నూలు నుంచి కడప దాకా ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్విన కె.సి. కాలవ 1863లో మొదలై 1870కి పూర్తయింది. సరుకు పడవలు నడిపి డబ్బు చేసుకుందామని కూడా ఆ కంపెనీ ఆశపడింది. పడవల లాభం కలగానే మిగిలింది, 1882లో కాలవ సర్కారు చేతికి వచ్చింది. నీళ్లు మాత్రం మళ్లల్లోనే నిలిచాయి. కాలవ పారిన మేర రాయలసీమలో ఒక సన్నటి పచ్చ చార ఏర్పడింది. ఆ చార లోపల వరి, బయట జొన్న. పిల్లను చూసుకొనేటప్పుడు జాతకాల కన్నా ముందు చూసిన గీత అదే. “కాలవ కింద ఊరు, మూడు పూటలా వరిబువ్వే” అని మధ్యవర్తి చెప్పగానే మా తాత ఇంకేమీ అడగలేదట. అమ్మ నంద్యాల పక్కన కాలవ ఊరికి కోడలుగా వచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో తెల్లారి కూడా వరిబువ్వే వడ్డిస్తే, ఈ రోజు ఏం పండగని అడిగి అత్తగారితో మాటపడింది.

ఆ బియ్యం మీద గౌరవం ఆమె చేతుల్లోంచి ఇంకా పోలేదు. చేటలోంచి గింజ కింద పడితే వంగి తీస్తుంది, కళ్లకద్దుకొని మళ్లీ చేటలో వేస్తుంది. మోకాళ్లు నొప్పి గదమ్మా అంటే, “దానికి నొప్పి లేదా?” అంటుంది. ఇప్పుడు మా ఊళ్లో బియ్యానికి కరువేముంది? బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204 కాలవ కింద ఎట్ల కుదురుకుందంటే, కర్నూలు సోనా అనే పేరుతో ఎక్కడెక్కడికో పోతోంది. అయినా అమ్మ లెక్కలో బియ్యం తినేది. కడుపు నింపేది. దాన్ని చక్కెర కలిపి దాహానికి తాగడం, ఉన్నవాళ్లు నోట్లు కాల్చి టీ కాచుకోవడం లాంటి పని.

రెండోసారి జాగ్రత్తగా మొదలుపెట్టాం. మొదట దాల్చినచెక్క సంగతి తేల్చాలి. మొదటిసారి వాడింది ఇంట్లో మసాలా డబ్బాలోది. అది అసలుది కాదని మా పిల్ల పట్టుబట్టింది. గాంధీ చౌక్ వైపు కిరాణా అంగళ్లకు పోయాం. చెక్క అనగానే అంగడాయన ముదురు రంగు, చెప్పు తోలంత మందం ఉన్న చెక్కలు తూకంలో పోశాడు. ఒకే పొర, అంచు లోపలికి వంగి ఉంది. ఇది కాదు, పల్చటిది కావాలంటే లోపలికి పోయి చిన్న డబ్బా తెచ్చాడు. ఇది వేరే సరుకు. లేత ఇటుక రంగు. పొర మీద పొర, పొర లోపల పొర, మా వైపు పొగాకు చుట్ట చుట్టినట్టు ఉంది. వేళ్ల మధ్య నలిపితే పొడి అయింది. వాసనలో ఘాటు తక్కువ, తీపి ఎక్కువ. శ్రీలంక చెక్క. ముందు చూపించిన మందపుది కాసియా అనే వేరే చెట్టుది, బిర్యానీకి పోయేది. శ్రీలంక చెక్కను లోకంలో అందరికన్నా ఎక్కువగా కొనే దేశాల్లో మెక్సికో ముందుంటుంది. మనకు పక్కింటి సరుకు, మన అంగట్లో లోపలి డబ్బాలో. వాళ్లకు భూగోళానికి అవతలి సరుకు, వాళ్ల అంగట్లో ముందు వరసలో.

ఈ రాకపోకల లెక్క తీస్తే ఎవరు ఎవరికి బాకీయో తేలదు. 1565 నుంచి 1815 దాకా మనీలా నుంచి మెక్సికో రేవు అకపుల్కోకు స్పెయిన్ ఓడలు నడిచాయి. ఆసియా సరుకు అటు పోయింది, మెక్సికో వెండి ఇటు వచ్చింది. పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మిరపకాయ మన తీరానికి దిగింది. సపోటా వచ్చింది, ఆ పేరు కూడా అక్కడి నహువా భాషదే. మిరపకాయ రాకముందు రాయలసీమ మనిషి సంగటి దేంతో తిన్నాడో నాకు ఊహకందదు. ఎర్రకారం మా ఒంట్లో రక్తమంత మాదని చెప్పుకుంటాం. అది వాళ్ల పెరటి మొక్క. వాళ్లు తమదని చెప్పుకొనే ఓర్చాటాలో బియ్యం మనవైపుది, చెక్క మన పక్కింటిది. దీంట్లో అచ్చంగా వాళ్ల గడ్డ మీద పుట్టింది ఒక్క వెనిలా. తమాషా ఏమంటే, మా పిల్ల డల్లాస్ నుంచి అన్నీ తెచ్చి ఆ ఒక్కటీ మరిచిపోయింది.

బియ్యం ఈసారి పొద్దున ఎనిమిదికి నానబెట్టి, చెక్కను తుంచి అందులోనే వేసి, పన్నెండు దాటాక చూశాం. గింజను గోటితో నొక్కితే సున్నంలా విరిగింది. అదే గుర్తు. నానిన నీళ్లతో సహా మిక్సీలో వేసి, జారు పూర్తిగా పాలరంగు వచ్చేదాకా తిప్పాం. ఆ తర్వాత వడగట్టడం. టీ జల్లెడ పనికిరాదు, సన్నటి నూక దిగిపోతుంది, తాగేటప్పుడు గొంతులో ఇసక తగిలినట్టుంటుంది. మా ఆవిడ పాత నూలు పంచె చింపి, ఉడకబెట్టి ఇచ్చింది. గిన్నె మీద గుడ్డ పరిచి పోశాం. మొదట ధారగా దిగింది, తర్వాత చుక్కలు, తర్వాత అవీ ఆగిపోయాయి. మా పిల్ల గుడ్డ మూట కట్టి గట్టిగా పిండబోయింది.

“పిండకు. పిండితే పిండి కూడా దిగుతుంది. పెట్టేసి కూర్చో” అంది మా ఆవిడ.

“ఎంతసేపు అత్తా?”

“దానికి ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడొస్తుంది.”

ఓర్చుకుంటే గానీ రాదు. అమ్మ పెట్టిన అర్థం.

ముప్పావు గంటకు గిన్నెలో చేరింది. అందులో చక్కెర కలిపాం. బెల్లంతో చేద్దామని నేను ఒక గ్లాసు విడిగా పెట్టుకున్నాను. మెక్సికోలో కూడా చెరకు రసం కాచి అచ్చుల్లో పోసే బెల్లం ఉంది, దాన్ని పిలోన్సియో అంటారు. రుచి బాగానే ఉంది గానీ, రంగు కుందూ ఏటికి కొత్తనీళ్లు వచ్చినట్టు అయింది. ఎవరూ తాగలేదు. నేనే తాగాను.

వెనిలా లేని లోటు ఎట్ల తీర్చాలని చూస్తుంటే ఫ్రిజ్ తలుపులో నన్నారి సీసా కనిపించింది. నన్నారి అంటే సుగంధిపాల వేరు. నల్లమలలో చెంచులు తవ్వి తెచ్చే వేరు. నంద్యాల బజారులో నిమ్మకాయ పిండి, సోడా కొట్టి ఇచ్చే నన్నారి తాగనివాడు ఈ ఊళ్లో ఎండాకాలం దాటి ఉండడు. వెనిలాకు వాసన ఇచ్చే వెనిలిన్‌కూ, సుగంధి వేరుకు వాసన ఇచ్చే పదార్థానికీ ఒక బంధుత్వముంది. రెండింటి అణువుల్లో ఉన్న పరమాణువులు అవే, అన్నే. కూర్చున్న చోట్లే వేరు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు పడకలు మార్చుకున్నట్టు. ఒక చెంచా నన్నారి వేశాం. మా పిల్ల తాగి, కళ్లు మూసుకొని, “డల్లాస్‌ది కాదు మామా. దానికంటే...” అని ఆగిపోయింది. ఆ మాట పూర్తి చేయమని నేను అడగలేదు.

ఐసు వేసుకొని తాగితే ఎట్లుందంటారా? మొదట చల్లదనం తగులుతుంది. తర్వాత పలచటి తీపి. పాలు లేవు, అయినా పాలేనేమో అనిపిస్తుంది. మింగాక గొంతులో దాల్చిని సన్నగా, ఆలస్యంగా వస్తుంది, పిలవకుండా వచ్చిన చుట్టంలాగా కాదు, పిలిచినా కాస్త బెట్టు చేసి వచ్చిన చుట్టంలాగా.

మర్నాడు శనివారం. అమ్మకు తీసుకుపోదామని తెల్లవారుజామున మళ్లీ నానబెట్టి, చేసి, మూత బిగించే స్టీలు క్యానులో ఐసుతో పోసుకొని ఆళ్లగడ్డ బస్సెక్కాం. ఈ పానీయానికి ఒక గుణముంది. కదలకుండా పెడితే తెలుపంతా అడుగుకు చేరి, పైన కొబ్బరినీళ్లంత తేటగా అయిపోతుంది. పోసే ముందు కలపాలి. మాకు ఆ శ్రమ లేకపోయింది. శిరివెళ్ల దాటేదాకా వెనక సీట్లో మా ఎముకలతో పాటు క్యానులో ఓర్చాటా కూడా బాగా కలిసింది.

ఆళ్లగడ్డ దగ్గర పడుతుందనడానికి గుర్తు ఉలి చప్పుడు. రోడ్డు పక్క శిల్పుల కొట్టాల్లో దేవుళ్లూ, నాయకులూ ఒకే వరసలో నిలబడి ఉంటారు, ముఖాలు ఇంకా పూర్తికాక. ఎవరు నరసింహస్వామి అవుతారో, ఎవరు మాజీ శాసనసభ్యుడవుతారో అప్పుడే చెప్పలేం.

అమ్మ వసారాలో కూర్చొని ఉంది. అహోబిలం స్వామికి శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. మూత తీయగానే ముక్కు ఎగబీల్చింది.

“శనివారం పూట పలావు వాసనేందిరా?”

మా వైపు దాల్చినచెక్క అంటే ఆదివారం. వేటకూర ఉడికే ఇంట్లోంచి వీధి చివరి దాకా పోయే వాసన. తీపిలో యాలకులు తప్ప ఇంకోటి వేస్తే అది తీపి కింద లెక్క రాదు. మెక్సికోలో మాత్రం దేశమంతా పాయసంలో వేసే వాసన ఇదే. వాళ్లకు పండగ, మాకు మాంసం. ముక్కుకు కూడా ఊరుంటుంది.

“చెట్టు చెక్కేలే అవ్వా, ఇంకేం లేదు” అంది మా పిల్ల.

అమ్మ కాసేపు ధర్మశాస్త్రం ఆలోచించింది. “చెక్క సరే. బియ్యం ఉడకబెట్టినారా?”

“లేదు, పచ్చి బియ్యమే.”

“ఉడకలేదు గదా. అయితే ఒక్కపొద్దు చెడదు. పొయ్యి.”

గ్లాసు నోటికి తాకకుండా ఎత్తి పోసుకుంది. ఒక గుక్క. ఇంకో గుక్క. మేం ఆమె ముఖమే చూస్తున్నాం, పరీక్ష రాసినవాళ్లలాగా.

“పరమాన్నం చేసిన గిన్నె కడిగిన నీళ్లు మాదిరి ఉంది” అంది.

మా పిల్ల ముఖం చిన్నదైంది. కానీ అమ్మ గ్లాసు కింద పెట్టలేదు. పూర్తిగా తాగింది. తాగి, గ్లాసు అడుగున తెల్లగా నిలిచిన మడ్డిలో చెంబులోంచి కాసిని నీళ్లు పోసి, గుండ్రంగా తిప్పి, ఆ నీళ్లు కూడా తాగేసింది. ఆమె పొగడ్త అదే. నాకు తెలుసు, మా పిల్లకు తెలియదు.

తర్వాత అడిగింది. “పిప్పి యాడ పెట్టినారు?”

నేనూ మా పిల్లా ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. గుడ్డలో మిగిలిన ముద్దను నంద్యాలలో చెత్త బండికి ఇచ్చేసి వచ్చాం. కాగితంలో అట్లే రాసి ఉంది, మిగిలింది పారేయండని. గ్లాసు బియ్యం రుబ్బితే గుప్పెడు పైన మిగులుతుంది. రెండుసార్లు చేశాం, రెండుసార్లూ పారేశాం. మొదటిరోజు పులిసింది సరేసరి.

అమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. “లోపలికి పో అమ్మీ, గ్లాసు బియ్యం నానేయి. చెక్క కూడా వేయి, మీ మాదిరే” అంది.

నాలుగు గంటలకు బియ్యం నానింది గానీ కరెంటు పోయింది. మిక్సీ మూగబోయింది. పెరట్లో రుబ్బురోలు ఉంది. ఆళ్లగడ్డ రాయి, ఆళ్లగడ్డ చేతులు కొట్టిన రోలు, అన్న పెళ్లప్పుడు కొన్నది. కడిగి, మా పిల్లను ముందు కూర్చోబెట్టి, పొత్రం చేతికిచ్చింది అమ్మ. మెక్సికో పల్లెల్లో కూడా ఒకప్పుడు మెతాతె అనే రాతి పీట ముందు మోకాళ్ల మీద కూర్చొని నూరేవాళ్లని నేను చెప్పబోయాను. రోలు దగ్గర ఉపన్యాసాలు ఎవరికి కావాలి? మా పిల్ల పొత్రం తిప్పుతోంది, అమ్మ రోలు అంచున చేరిన పిండిని వేళ్లతో లోపలికి తోస్తోంది. రాయి ఒకవైపు తిరుగుతుంటే, ఆ వేళ్లు నలగకుండా దూరి ఎట్ల బయటికి వస్తున్నాయో ఆ పిల్ల కళ్లప్పగించి చూసింది. ఎనభై ఏళ్ల చేయికి రాయి తిరిగే లెక్క కంఠతా వచ్చు.

వడగట్టిన పాలు ఒకవైపు పెట్టి, గుడ్డలో మిగిలిన ముద్దను అమ్మ గిన్నెలోకి తీసుకుంది. ఇందులో ఇంకా తీపి కలవలేదు. గుప్పెడు జొన్నపిండి, ఉప్పు, నీళ్లు కలిపి జారు చేసింది. పెనం మీద నూనె చుక్క రాసి, గరిటెతో పోసి, చేత్తో సర్ది అట్లు వేసింది. ఒక్కపొద్దు రోజు రాత్రికి బువ్వ లేదు, ఫలారమే. అట్లు ఫలారం. కాలుతుంటే దాల్చిని వాసన ఇల్లంతా లేచింది. అంగడి నుంచి వచ్చిన మా అన్న గడపలోనే ఆగి, “ఈ పొద్దు శనివారం కాదా?” అని అడిగాడు.

మా పిల్ల అట్టు మీద ఎర్రకారం పూసుకుంది. ఎండుమిరపకాయ, ఎర్రగడ్డ, ఉప్పు నూరిన మా ఊరి కారం. రెండో ముద్దకే కళ్లల్లో నీళ్లు. ఓర్చాటా గ్లాసు ఎత్తి గటగటా తాగింది. మెక్సికో మంటను మెక్సికో నీళ్లతోనే ఆర్పుకుంటోంది, ఆళ్లగడ్డ వసారాలో కూర్చొని.

అమ్మ కారం జోలికి పోలేదు. “నన్నడిగినావు గదా, వాళ్లకు పండ్లు లేవా అని!” అంది నాతో. అడిగింది ఆమే, నేను కాదు. ఎనభై దాటినవాళ్లతో ఆ తగువు పెట్టుకోకూడదు. నోరు తెరిచి చూపించింది. పైన రెండు, కింద ఒకటి. “నాకు లేవు నాయనా. ఇది నాకు చేసినట్టుంది.”

అట్టును చిన్న చిన్న తుంపులు చేసి ఓర్చాటా గ్లాసులో వేసింది. తుంపులు మొదట పైకి తేలాయి. నానేదాకా ఆమె తొందరపడలేదు. ఒక్కొక్కటే మెత్తబడి, బరువెక్కి, తెల్లటి నీళ్లలోకి దిగిపోతున్నాయి. మేం పంచె గుడ్డ పెట్టి విడదీసిన పాలనూ పిప్పినీ ఆమె మళ్లీ ఒక్క గ్లాసులో కలిపి, చెంచా వద్దని, వేళ్లతోనే తీసి తినేసింది.